వంకాయ రంగు కోటు

స్టాంపు మీద మొండికి ఉన్న కోపం ఈనాటిది కాదు.

స్టాంపు అంటే గూఢచారి శాఖలో పరికరాల విభాగం అధికారి. పిస్తోలు పేలకపోయినా, చేతి గడియారంలో దాచిన ట్రాన్స్‌మిటర్ మూగబోయినా, పారాచూట్ విచ్చుకోకపోయినా ఆయన దగ్గర ఒకటే జవాబు. సొరుగు లాగుతాడు. రబ్బరు స్టాంపు తీస్తాడు. దాని మీద హా అని ఊది, ఫిర్యాదు కాగితం మీద ఠప్పున గుద్దుతాడు: "వాడకంలో లోపం." పారాచూట్ ఫిర్యాదు మాత్రం ఆయన అంతదాకా రానివ్వలేదు. ఫిర్యాదు చేయాల్సినవాడు తిరిగి రాలేదు కదా, ఇంక గొడవేముంది అన్నాడట.

మొండి ఆ శాఖలో ఏజెంట్. నలభై దాటి చాలాకాలమైంది. బడి చిన్నప్పుడే మానేశాడు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గోడలు దూకీ, తాళాలు తీసీ, తన్నులు తినీ నేర్చుకున్నదే. తనకంటే చిన్నవాళ్ళు పై కుర్చీల్లో కూర్చుని తనకు బ్రీఫింగులు ఇస్తుంటే పళ్ళు కొరుక్కుంటూ వింటాడు. అసలు పేరు ఏ ఫైల్లో ఉందో ఎవరికీ పట్టలేదు. చెప్పిన మాట వినడు కాబట్టి మొండి.

ఆ ఏడాది శాఖ కొత్త డిజిటల్ కెమెరాలు కొన్నది. అరచేతిలో ఇమిడేవి, చప్పుడు చేయనివి. ఒకటి మొండికి ఇచ్చారు. దాంతోనే అతని పరువు గంగలో కలిసింది.

ఓడరేవులో విదేశీ ముఠా మనిషి ఒకడు, నల్ల ఓవర్‌కోటు వేసుకుని, రక్షణ శాఖ నుంచి దొంగిలించిన పటాలు అందుకుంటున్నాడు. మొండి చేపల బుట్టల వెనక ముక్కు మూసుకుని పడుకుని వాణ్ణి నిలువెత్తున ఫొటో తీశాడు. ఆ ఫొటో సరిహద్దు చెక్‌పోస్టులన్నిటికీ వెళ్ళింది. ఫొటోలో కోటు మాత్రం నిగనిగలాడే వంకాయ రంగులో ఉంది. సరిహద్దు దగ్గర జవాన్లు వంకాయ రంగు కోటు కోసం కళ్ళు కాయలు కాచేలా చూశారు. నల్లకోటు వాడు వాళ్ళకు సలాం కొట్టి మరీ దాటిపోయాడు.

మొండి కెమెరా పట్టుకుని స్టాంపు దగ్గరికి వెళ్ళాడు.

"ఇది నలుపును నలుపుగా చూపించట్లేదు సార్."

"కింద పడేశావా?"

"లేదు."

"నీళ్ళలో ముంచావా?"

"లేదు."

"నీ చెయ్యి పడింది కదా, చాల్లే."

"ఫ్యాక్టరీలోనే ఏదో పొరపాటు జరిగుంటుంది. ఒక్కసారి కంపెనీకి పంపించండి సార్."

స్టాంపు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పంపిస్తే తనిఖీ చేసి సరుకు దించుకుంది ఎవరని అడుగుతారు. దించుకుంది నేను. అంటే తప్పు నాదంటావ్!"

"నేననలేదండీ. మీరే అన్నారు."

ఠప్. అదే కెమెరా మొండి చేతికి తిరిగొచ్చింది.

* * *

"ఆపరేషన్ చివరి చరణం," అన్నాడు పెద్దాయన.

పెద్దాయన అంటే శాఖ చీఫ్. గదిలో లైట్లు ఆర్పేశారు. తెర మీద ఒక బట్టతల మనిషి నవ్వుతూ కనిపించాడు.

"పొరుగు దేశాధినేత. మన అతిథి. రేపు మధ్యాహ్నం సంగీత భవనంలో కచేరీ వింటాడు. అక్కణ్ణుంచి నేరుగా వెళ్ళి శాంతి ఒప్పందం మీద సంతకం పెడతాడు. కచేరీ అయ్యేలోపు ఆయన్ను మన గడ్డ మీదే చంపాలని తేలు అనేవాడి ముఠా ప్లాన్. ఆయన ఇక్కడ చస్తే ఎల్లుండి యుద్ధం."

"ఎవడు చంపుతాడు?"

"వాద్యగాళ్ళలో ఒకడు. ఏళ్ళ తరబడి వాళ్ళలో కలిసిపోయి పనిచేస్తున్న స్లీపర్. అందరి కాగితాలూ సక్రమంగా ఉన్నాయి. అందరికీ ఒకేలాంటి నల్లకోట్లు. ఆయుధం ఏమిటో తెలియదు. కచేరీ ఆపడానికి వీల్లేదు, ఆపితే భయపడ్డామంటారు. ఇవాళ రిహార్సల్‌కి వెళ్ళి ఒక్కొక్కణ్ణీ ఫొటో తీసుకురా."

"కెమెరా మార్చండి."

"కెమెరా బాగుందని స్టాంపు చెప్పాడు. ఈసారి కూడా రంగులు మార్చి తెచ్చావంటే ఇంటికి పంపిస్తా. అర్థమైందా?"

"కెమెరాకి కూడా చెప్పండి సార్, దానికి అర్థం కావాలిగా," అని లేచాడు మొండి.

ఆ మధ్యాహ్నం సంగీత భవనంలోకి చిరిగిన కుర్చీల కుషన్లు కుట్టేవాడొకడు సూదీ దారం పట్టుకుని వెళ్ళాడు. సొంత మీసం మీద అంటించుకున్న గుబురు మీసం దురద పెడుతోంది. వేదిక మీద వాద్యగాళ్ళు నల్లకోట్లు వేసుకుని సరిచూసుకుంటున్నారు. పియానో ముందు ఒకావిడ. నల్లగౌను, మోచేతుల దాకా నల్ల గ్లోవ్స్, మెడ మీదికి జారిన ముడి. ఆమె నడిచొస్తే హాల్లో మగవాళ్ళ మాటలు సగంలో ఆగిపోతాయి. కోడ్‌నేమ్ మైనా. తేలు ముఠాకి మన కబుర్లు మోస్తుంది, మనకి తేలు ముఠా కబుర్లు మోస్తుంది. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటుంది.

మొండి ముందువరస కుర్చీ కుడుతూ గొణిగాడు. "పియానో శ్రుతి తప్పిందా అమ్మా?"

"లేదు. వినేవాళ్ళ చెవులే తప్పాయి," అందామె. కోడ్ సరిపోయింది. ఆమె వంగి గ్లోవ్ సర్దుకుంటూ పెదవులు కదపకుండా అంది: "పేరు ఇంకా నాకు చెప్పలేదు. రాత్రికి చెబుతానన్నాడు తేలు. నీ మీసం ఎడమవైపు ఊడుతోంది."

మొండి మీసం నొక్కుకుని, సూదుల డబ్బా చాటున కెమెరా పెట్టి, వరసగా అందరినీ తీసేశాడు.

* * *

మర్నాడు పొద్దున్నే ఫొటోలు పెద్దాయన బల్ల మీద పరిచారు. స్టాంపు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. నల్లకోటు, నల్లకోటు, నల్లకోటు. వయొలిన్ల వాళ్ళు నలుపు, పిల్లనగ్రోవుల వాళ్ళు నలుపు. ఒక్కడు మాత్రం వంకాయ రంగు. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో ఉంటుంది కదా, పెద్ద వయొలిన్ లాంటిది, అది వాయించేవాడు. సన్నటి మనిషి, సాధువు లాంటి మొహం.

మొండి వేలు పెట్టి చూపించాడు. "వీడే."

"ఎందుకు?"

"వీడొక్కడి కోటే రంగు మారింది."

స్టాంపు ఫక్కున నవ్వాడు. "చూశారా సార్! ఓడరేవులో చేసిన ఘనకార్యమే మళ్ళీ చేశాడు. కెమెరా పాడుచేసి, దాన్నే సాక్ష్యం అంటున్నాడు!"

"నేను పాడుచేయలేదు. పుట్టుకతోనే పాడై వచ్చింది. అందరినీ ఒకే గదిలో, ఒకే వెలుతుర్లో తీశాను. పాడైన కెమెరా అయితే అందరి కోట్లనూ పాడుచేయాలి కదా. వీడి మీదే ఎందుకు పగబట్టింది?"

పెద్దాయన జవాబు చెప్పబోతుంటే ఫోను మోగింది. విని, పెట్టేశాడు. "మైనా. హంతకుడి పేరు తేలు చెప్పాడట. పెద్ద డ్రమ్ము వాయించేవాడు."

"అబద్ధం," అన్నాడు మొండి.

"ఆవిడ అబద్ధమా?"

"ఆవిడ కాదు. ఆవిడకి చెప్పిందే అబద్ధం."

"మొండీ! ప్రాణాలొడ్డి తెచ్చిన సమాచారం కాదని చెడిపోయిన కెమెరాని నమ్మమంటావా? నీ పాస్ రద్దు. కెమెరా స్టాంపుకి అప్పగించు. వెళ్ళు."

మొండి జేబులోంచి తీసిన వస్తువును స్టాంపు చేతిలో పెట్టి బయటికి నడిచాడు. అది కెమెరా కవరని స్టాంపుకి తెలిసేసరికి మొండి రెండు సందులు దాటేశాడు.

* * *

ఇంట్లో అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ పోయిన తర్వాత తమ్ముడి దగ్గరే ఉంటోంది. తమ్ముడు కుర్చీల కంపెనీలో పనిచేస్తున్నాడని అందరికీ చెబుతుంది, తను నమ్మదు.

"ఏరా, మొహం వేలాడేసుకొచ్చావ్? తీసేశారా?"

"ఇంట్లో నల్లబట్టలు ఎన్నున్నాయి?"

"ఎవరు పోయార్రా?" అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

"ఎవరూ పోలేదు. పోకుండా చూడ్డానికే. తియ్యవే బాబూ."

గొడుగు, శాలువా, బావ పాత కోటు, మొండి మేజోళ్ళు అన్నీ బల్ల మీద పరిచారు. మొండి ఒక ఫొటో తీసి చూశాడు. బావ కోటు నలుపే. శాలువా నలుపే. గొడుగు వంకాయ రంగు. మేజోళ్ళలో ఒకటి నలుపు, ఒకటి వంకాయ రంగు.

మొండి మేజోళ్ళు రెండూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. కంటికి రెండూ ఒకటే. కాకి రెక్కంత నలుపు. "ఇవి రెండూ ఒక జతేనా?"

అక్క ఇస్త్రీ మీదికి వంగింది. "ఎందుకూ?"

"అక్కా!"

"ఒకటి పోయిందిరా. అచ్చం అలాంటిదే వెతికి ఇంకో కొట్లో తెచ్చి కలిపేశా. ఏడాదై తొడుక్కుంటున్నావు, తెలిసిందా నీకు? పెద్ద వచ్చాడు కనిపెట్టడానికి!"

మొండి మేజోడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అచ్చం అలాంటిదే వెతికి తెచ్చి కలిపేశారు. అక్క మేజోడు కలిపింది. తేలు కోటు కలిపాడు.

"అక్కా, నీ కాళ్ళకి దండం," అన్నాడు.

"ఆ మాట జీతం తెచ్చినప్పుడు అను," అంది అక్క.

కెమెరా కంపెనీ సర్వీస్ సెంటర్లో టోకెన్ తీసుకుని కూర్చోవలసి వచ్చింది. కౌంటర్ వెనక ఇంజనీరమ్మ. మొదట్లో ఆవిడదీ స్టాంపు పాటే. "తడి తగిలిందా, దెబ్బ తగిలిందా, మీరు విప్పారా?" మొండి మేజోళ్ళు తీసి కౌంటర్ మీద పెట్టాడు. పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

"ఉతికినవేలెండి," అని అక్కడే ఫొటో తీసి చూపించాడు. "దీనికి సమాధానం చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను. మేజోళ్ళూ కదలవు."

ఇంజనీరమ్మ మేజోళ్ళను చూసింది, మొండి మొహం చూసింది. గొంతు తగ్గించింది.

"ఈ బ్యాచ్‌లో కొన్నిటికి సెన్సర్ ముందు ఉండాల్సిన గాజు ఫిల్టర్ బిగించడం మర్చిపోయారండీ. మన కంటికి కనపడని వెలుగు ఒకటుంటుంది, ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఆ ఫిల్టర్ దాన్ని ఆపాలి. అది లేకపోతే కెమెరా ఆ వెలుగును కూడా చూస్తుంది. కొన్ని నల్లబట్టలు దాన్ని మింగేస్తాయి, నల్లగానే పడతాయి. కొన్ని తిప్పికొడతాయి, ఇదిగో, ఇలా పడతాయి. బట్టా రంగూ వేరైతే కంటికి ఒకటే అయినా దీనికి ఒకటి కాదు."

"అంటే ఇది తయారీలో లోపం."

"అవును. ఇలా ఇవ్వండి, కొత్తది ఇస్తాం."

"ఇవ్వను."

"ఫిర్యాదు చేసింది మీరే కదా!"

"చేశాను. ఇంత మంచి కెమెరా మీ కంపెనీ మళ్ళీ చేస్తుందన్న నమ్మకం లేదమ్మా," అని కెమెరా లోపలి జేబులో పెట్టుకుని, మేజోళ్ళు తీసుకుని బయటపడ్డాడు.

* * *

సంగీత భవనం చుట్టూ పోలీసులు. మొండి వెనక గోడెక్కి, వెంటిలేటర్ జాలీ ఊడదీసి, దుస్తుల స్టోర్ రూమ్‌లోకి దిగాడు. సంగీత భవనం నడిపే సంస్థ వాద్యగాళ్ళకిచ్చే కోట్లలో మిగిలినవి అక్కడ వేలాడుతున్నాయి. వాటిని వరసగా ఫొటో తీశాడు. ఒక్కటి కూడా రంగు మారలేదు. సంస్థ కుట్టించిన కోటు అయితే నల్లగానే పడుతుంది. చెల్లో వాడి కోటు సంస్థది కాదు. కుట్టూ గుండీలూ కత్తిరింపూ అచ్చంగా దించి, బయట ఎక్కడో ఇంకో బట్టతో చేసింది. ఉన్న కోటు ఉండగా, చూసి ఎవరూ పసిగట్టకూడని ఇంకో కోటు ఎందుకు కుట్టిస్తారు? లోపల ఏదో పెట్టడానికి.

గడియారం నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు. "చీఫ్, మొండి. చెల్లో వాడి కోటు విప్పించండి. కుట్లలో ఏదో ఉంది. ఓవర్."

"నువ్వు సస్పెన్షన్‌లో ఉన్నావు. డ్రమ్ము వాడి మీద నలుగురు షూటర్లను పెట్టాను. భవనంలో కనిపించావంటే నిన్ను కూడా డ్రమ్ము వాడి మనిషివనే అనుకుంటారు. ఓవర్ అండ్ అవుట్."

మొండి గడియారం వైపు చూసి, ఇక్కడ రాయకూడని మాట ఒకటి అన్నాడు. ఒక కోటు తొడుక్కుని పక్క గది తలుపు తీశాడు. అద్దం ముందు కూర్చున్న మైనా తల తిప్పకుండానే పిస్తోలు తిప్పింది. లిప్‌స్టిక్ అంత చిన్న పిస్తోలు.

"నిన్ను చూస్తే కాల్చెయ్యమని మీవాళ్ళ ఆర్డరు మొండీ. వాళ్ళ ఆర్డరు కూడా అదే. రెండు పక్షాలూ ఒప్పుకున్న విషయం ఇదొక్కటే."

"కాల్చే ముందు ఇది చూడు." కెమెరా తెర ఆమె ముందు పెట్టాడు. నల్లకోట్ల మధ్య ఒక్క వంకాయ రంగు. స్టోర్ రూమ్ కోట్లు. మేజోళ్ళు కూడా.

"ఇవెవరివి?"

"నావే. కథ చాలా పెద్దది. నీకు డ్రమ్ము వాడి పేరు చెప్పిందెవరు?"

"తేలు. స్వయంగా."

"నువ్వు ఆ పేరు మాకు చేరుస్తావని తెలిసే చెప్పాడు. మావాళ్ళు డ్రమ్ము వాడి మీద పడ్డ క్షణాన నువ్వెవరివో వాడికి ఖాయమవుతుంది. ఇటు చెల్లో వాడు పని ముగిస్తాడు, అటు ఎవడో నీ పని ముగిస్తాడు."

మైనా అద్దంలో తన మొహం చూసుకుంది. పెదవి రంగు సరిచేసుకుంది.

"ఇంతకీ నువ్వు ఎవరి తరఫు?" అన్నాడు మొండి.

"పన్నెండేళ్ళుగా అందరూ అడుగుతున్నారు. ఇవాళ్టికి నా తరఫు." పిస్తోలు సంచీలో పడేసింది. "నేను వాయిస్తుంటే పక్కన కూర్చుని స్వరాల కాగితాలు తిప్పేవాడు కావాలి. రావాల్సినవాడికి జ్వరం. సంగీతం చదవడం వచ్చా?"

"చదవడమే అంతంత మాత్రం."

"నేను తలాడిస్తే తిప్పు. ఆడించకపోతే ముట్టుకోకు. మీసం తీసెయ్, దరిద్రంగా ఉంది."

"అది నా సొంత మీసం," అన్నాడు మొండి నొచ్చుకుని.

* * *

హాలు కిటకిటలాడుతోంది. ముందువరస మధ్యలో అతిథి, పక్కన పెద్దాయన. బాల్కనీ తెరల వెనక షూటర్లు. మొండి తల దువ్వి, కళ్ళజోడు పెట్టుకుని, పియానో పక్క స్టూలు మీద కూర్చున్నాడు. రెండు గజాల దూరంలో చెల్లో వాడు కళ్ళు మూసుకుని తన్మయంగా వాయిస్తున్నాడు.

మైనా తలాడించింది. మొండి రెండు కాగితాలు కలిపి తిప్పేశాడు. ఆమె ఆగకుండా చూడకుండానే వాయించేసింది, పియానో కింద మాత్రం హైహీల్‌తో అతని పాదం తొక్కింది. మొండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంగీతానికి కరిగిపోయాడనుకుని ముందువరసలో ఒకావిడ రుమాలు తీసింది.

విరామంలో పెద్దాయన మనుషులు డ్రమ్ము వాణ్ణి పక్కగదిలోకి లాక్కుపోయారు. డ్రమ్ము చీల్చారు. అందులో దొరికింది మందు సీసా ఒకటే. పాపం, భార్యకి భయపడి దాచుకున్నాడు. అయినా వదల్లేదు, కూర్చోబెట్టారు. పెద్దాయన గండం గడిచిందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. డ్రమ్ము లేకుండానే రెండో భాగం మొదలైంది.

మొండి చూపు చెల్లో వాడి మీదే ఉంది. ఏదో మారింది. కోటు. మొదటి భాగంలో రెండు భుజాలూ సమంగా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు కుడిభుజం జారిపోయి ఉంది. లోపల మెత్త వేసి కుట్టిన చోట ఇప్పుడు ఏమీ లేదు. విరామంలో తీసేశాడు. తీసి ఎక్కడ పెట్టాడు?

చెల్లో అడుగున నేలకు ఆనించే ఇనుప మొన ఒకటుంటుంది. పక్కనున్న చెల్లోల మొనలకు రబ్బరు తొడుగులున్నాయి, జారకుండా. వీడి మొనకు లేదు. మొన చివర మిరియపుగింజంత కన్నం.

చెల్లో ఇప్పుడు తుపాకీ. కాకపోతే నేల వైపు గురిపెట్టి ఉంది. నేలను కాల్చి ఏం లాభం? మొండికి రిహార్సల్ గుర్తొచ్చింది. చివరి స్వరం కాగానే అందరూ లేచి, వాద్యాలు అడ్డంగా పైకెత్తి పట్టుకుని, ముందువరసకు వంగి నమస్కరిస్తారు. అప్పుడు ఆ మొన సూటిగా అతిథి గుండెకు ఎదురుగా ఉంటుంది.

"మొన," అన్నాడు పెదవులు కదపకుండా. "చివర లేచినప్పుడు."

మైనా వేళ్ళు మెట్ల మీద పరుగెడుతూనే ఉన్నాయి. "ఇప్పుడు లేచావంటే బాల్కనీ వాళ్ళు నిన్ను కాల్చేస్తారు. వాడు ఆ గొడవలో కాల్చేస్తాడు. చివరి స్వరం దాకా ఆగు."

"ఆ తర్వాత కూడా కాలుస్తారు."

"ఆ సంగతి నాకు వదిలెయ్."

అందరినీ అమ్ముకుని బతికిన మనిషి మాట. నమ్మాలా? మొండి ఆలోచించలేదు. ఈ లోకంలో సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళందరినీ నమ్మి చూశాడు. ఇక లోపమున్నవాళ్ళే మిగిలారు.

సంగీతం ఎత్తుకుంది. మరీ ఎత్తుకుంది. ఆగింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వాద్యగాళ్ళు లేచారు. చెల్లో వాడు కళ్ళు తెరిచాడు. సాధువు మొహంలో అవి సాధువు కళ్ళు కావు. చెల్లో అడ్డంగా పైకి లేచింది.

మొండి స్టూలు తన్ని దూకాడు.

బాల్కనీ తెరలు కదిలాయి. నాలుగు తుపాకీ గొట్టాలు మొండి వీపు మీదికి తిరిగాయి. అదే క్షణాన మైనా పియానో మూత ధడాలున ఎత్తి, దాని ముందు రెండు చేతులూ చాచి నిలబడింది. షూటర్లకు మొండి కనపడలేదు. నల్లగౌను, చేతులు చాచిన ఆడమనిషి, వెనక కొండంత పియానో మూత. వాళ్ళ వేళ్ళు ట్రిగ్గర్ల మీదే ఆగిపోయాయి.

చెల్లో వాడి బొటనవేలు మొన పక్క మీట మీదికి వెళ్ళింది. మొండి బూటు కాలెత్తి, ఉన్న బలమంతా పెట్టి, కింది నుంచి పైకి తన్నాడు. అతని కాలు చెల్లోను చీల్చుకుని మోకాలి దాకా లోపలికి పోయింది. తీగలు టంగుమని తెగాయి. పెద్ద శబ్దమేమీ రాలేదు, ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడు. విషపు సూది అతిథి బట్టతల మీదుగా పోయి, పైకప్పు మీద చెక్కిన పళ్ళబుట్టలో గుచ్చుకుంది.

చెల్లో వాడు జేబులో చెయ్యి పెట్టాడు. మొండి కాలికి చెల్లో తగిలించుకునే వాడి మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లారు. కాలికున్న చెక్క తొడుగుతో వాడి గెడ్డం కింద ఒక్కటిచ్చాడు. వాడు కళ్ళు తేలేశాడు. మొండి వాడి కోటు కుడిభుజం చించి పైకెత్తి చూపించాడు. లోపల ఖాళీ సంచీ. పెద్దాయన మొహం సున్నం కొట్టినట్టయింది.

అతిథి మాత్రం లేచి నిలబడి ఇంకా చప్పట్లు కొడుతున్నాడు. "ముగింపు చాలా కొత్తగా ఉంది," అని పక్కవాళ్ళతో అన్నాడట. ఆ ఊపు మీదే వెళ్ళి ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

ఆ గొడవలో మైనా ఎటు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. పియానో మీద నల్ల గ్లోవ్ ఒకటి మిగిలింది.

* * *

మర్నాడు పెద్దాయన గదిలో మొండికి పతకం ఇవ్వబోయారు. స్టాంపు సూటు వేసుకుని మరీ వచ్చాడు.

"నేను ఈ కెమెరాలను ముందుచూపుతోనే ఎంపిక చేశాను సార్. కనపడని వెలుగును చూసే ప్రత్యేక సదుపాయం ఉన్న మోడల్," అన్నాడు.

"సదుపాయం కాదు. తయారీలో లోపం," అన్నాడు మొండి. "ఆ నాలుగు ముక్కలూ మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఓడరేవులో తప్పు నాది కాదని రాయండి. అప్పుడు పతకం పుచ్చుకుంటా."

"అలా రాస్తే సరుకు దించుకున్న నా మాటేమిటయ్యా?"

"అది మీ వాడకం."

పెద్దాయన దగ్గాడు. "పోనీలే మొండీ. ఇప్పుడు అవన్నీ ఎందుకు? దేశం బతికింది కదా."

"దేశం బతికింది సార్. నేను బతకాలిగా." పతకం బల్ల మీదే పెట్టేశాడు. కెమెరా ఇమ్మని స్టాంపు చెయ్యి చాచాడు. మొండి ఆ చెయ్యి పట్టుకుని ఊపి, కెమెరాతో సహా బయటికి నడిచాడు.

స్టాంపుకి ప్రమోషన్ వచ్చింది. మొండికి సంగీత భవనం నుంచి బిల్లు వచ్చింది. హంతకుడు వాయించినా ఆ చెల్లో సంస్థదేనట, రెండు వందల ఏళ్ళ నాటిదట, అలాంటిది ఇంకొకటి ఎక్కడా లేదట. కాలు పెట్టి తన్నమని శాఖ ఆర్డరు వేయలేదు కాబట్టి శాఖకు సంబంధం లేదట. మొండి దాన్ని ఒప్పుకోలేదు, వాళ్ళు అతని ఒప్పుదల అడగనూ లేదు. జీతంలోంచి నెలనెలా కోసేశారు. దేశాన్ని యుద్ధం నుంచి కాపాడినందుకు మొండికి పడిన ఖర్చు, అణా పైసలతో సహా: నాలుగేళ్ళ రెండు నెలల పందొమ్మిది రోజుల జీతం.